కరువు కాలంలో కానుక



"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని మన పెద్దలు అంటారు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఈ సామెత మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి కూలి పనులు ఆగిపోయినప్పుడు విన్నాం. 2025 ఆరంభంలో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టక రైతు తల పట్టుకున్నప్పుడూ విన్నాం. పంట పోయిన ఇంట్లో, ఉద్యోగం ఊడిన ఇంట్లో, ఆసుపత్రి అప్పు మిగిలిన ఇంట్లో ఈ ప్రశ్న ప్రతి ఆదివారం లేస్తూనే ఉంటుంది: "మనకే లేనప్పుడు గుడికి ఏమిస్తాం? పేదవారికి ఏం పెడతాం?"

ఈ ప్రశ్నకు మన విశ్వాసులు రకరకాలుగా జవాబు చెప్పుకుంటున్నారు. కొందరు చేయి పూర్తిగా ముడుచుకుంటారు. కొందరు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ పండుగ చందా ఇస్తారు. మరికొందరు కానుకల సంచి ముందుకు వచ్చినప్పుడు వేయడానికి ఏమీ లేదన్న సిగ్గుతో పూజకే రావడం మానేస్తారు. ఈ మూడవవారిని తలచుకున్నప్పుడే ఎక్కువ బాధ కలుగుతుంది. కనుక కష్టకాలంలో ఇవ్వడం గురించి దేవుని వాక్కు, శ్రీసభ బోధన నిజంగా ఏం చెబుతున్నాయో ఈ వారం కలిసి ధ్యానిద్దాం.

కరువులో పుట్టిన చందా

శ్రీసభలో ఒక ఊరి క్రైస్తవులు మరో ఊరి క్రైస్తవుల కోసం చందా పోగు చేయడం ఎప్పుడు మొదలైందో తెలుసా? పంటలు బాగా పండిన రోజుల్లో కాదు, కరువు రోజుల్లో. క్లౌదియు చక్రవర్తి కాలంలో (క్రీ.శ. 41-54) గొప్ప కరువు వచ్చింది. అగబు అనే ప్రవక్త ముందుగానే హెచ్చరించగా, అంతియోకియలోని శిష్యులు ఎవరి శక్తి కొలది వారు కొంత పోగుచేసి, బర్నబా, సౌలుల చేతికిచ్చి యూదయాలోని సోదరులకు పంపారు (అ.కా. 11:27-30). ఆ కరువు ఎంతటిదో యూదు చరిత్రకారుడు జోసెఫసు కూడా రాశాడు. అడియాబెనె రాణి హెలెనా ఈజిప్టు నుండి ధాన్యం, సైప్రసు నుండి ఎండు అత్తిపండ్లు కొనిపించి యెరూషలేము ప్రజలకు పంచిపెట్టించిందట.

రాణి ఖజానాలోనుండి ఇచ్చింది, మంచిదే. కాని అంతియోకియ శిష్యులకు ఖజానా లేదు. "శక్తి కొలది" అన్న ఆ చిన్న మాటను గుర్తుంచుకోండి. ఈ పాఠమంతా దానిమీదే నడుస్తుంది.

ఆ తరువాత కొన్నేళ్ళకు పునీత పౌలు యెరూషలేములోని పేదలకోసం మరొక చందా ప్రారంభించారు. దానిని గురించే కొరింతీయులకు రాసిన రెండవ లేఖలో 8, 9 అధ్యాయాలు పూర్తిగా కేటాయించారు. అక్కడ ఆయన కొరింతులోని కలిగినవారి ముందు ఉదాహరణగా నిలబెట్టింది ధనవంతులను కాదు, మాసిడోనియాలోని ఫిలిప్పీ, తెస్సలోనిక వంటి సంఘాల పేదలను. వారు హింసలలో ఉన్నారు, కటిక పేదరికంలో ఉన్నారు. అయినా మాకూ ఈ సేవలో పాలు ఇవ్వండని పౌలునే బతిమాలుకున్నారు. ముందుగా తమను తామే ప్రభువుకు అర్పించుకున్నారు, డబ్బు ఆ తరువాత వచ్చింది (2 కొరింతీ. 8:1-5). ఈ వరుస ముఖ్యం. మనసు ఇవ్వకుండా జేబులోనుండి తీసేది వట్టి చందా. మనసు ఇచ్చిన తరువాత వచ్చేది కానుక, అది ఎంత చిన్నదైనా సరే.

ఎంత ఇవ్వాలి?

పౌలుగారి కొలత చాలా తేలిక. ఇవ్వాలన్న మనసుంటే, ఉన్నదానినిబట్టే దేవుడు కానుకను స్వీకరిస్తాడు, లేనిదానినిబట్టి కాదు (2 కొరింతీ. 8:12). మన దగ్గర లేనిదానిని దేవుడు లెక్కలోకి తీసుకోడు. మరి మనమెందుకు తీసుకోవాలి?

దేవాలయంలో పేద విధవరాలు వేసిన రెండు కాసులను ఈ వెలుగులో చూడండి (మార్కు 12:41-44). ఆ రోజుల్లో కూలివానికి రోజుకు ఒక దెనారము వచ్చేది. ఆమె వేసిన రెండు చిన్న కాసులు దానిలో 64వ వంతు. ఈనాటి లెక్కలో చెప్పాలంటే, రోజుకు 640 రూపాయలు తెచ్చుకునే కూలివాని సంపాదనలో 10 రూపాయలన్నమాట. పది రూపాయల నాణెం సంచిలో వేయడానికి వెనకాడే తల్లి ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ఆనాడు కానుకల పెట్టె ఎదుట కూర్చున్న ప్రభువు కళ్ళకు ఆ రెండు కాసులే అన్నిటికంటె పెద్దవిగా కనిపించాయి.

తత్వశాస్త్రంలో అరిస్టాటిలు కూడా ఇదే మాట చెప్పాడు. దాతృత్వాన్ని ఇచ్చిన మొత్తంతో కొలవకూడదు, ఇచ్చేవాని స్థితిని, స్వభావాన్నిబట్టి కొలవాలి, తక్కువ ఇచ్చినవాడే ఎక్కువ దాత కావచ్చు అన్నాడు. క్రీస్తును ఎరుగని పండితునికి తర్కంతో తెలిసినది, ఆ విధవరాలికి విశ్వాసంతో తెలిసింది.

పూర్వ నిబంధనలో ఇంకా అందమైన విషయం ఉంది. బిడ్డను కన్న తల్లి శుద్ధి కోసం గొర్రెపిల్లను అర్పించాలి. ఆ స్తోమత లేకపోతే రెండు గువ్వలనో, రెండు పావురపు పిల్లలనో తెస్తే చాలునని ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చింది (లేవీ. 12:8). పాపపరిహార బలి విషయంలోనైతే పక్షులకు కూడా గతిలేనివాడు కొద్దిపాటి పిండి తెచ్చినా చాలు (లేవీ. 5:11). దేవుడు తన పేదలను గుడి వాకిట సిగ్గుపడనివ్వలేదు. బాలయేసును దేవాలయంలో కానుకగా అర్పించిన రోజున దేవమాత మరియమ్మ, పునీత జోజప్పగారు తెచ్చింది కూడా పేదవారి అర్పణే (లూకా 2:24). లోకరక్షకుని తల్లి గొర్రెపిల్లను తేలేకపోయిందని దేవుడు ముఖం తిప్పుకున్నాడా? మరి మీ చేతిలోని ఐదు రూపాయలను చూసి ఎందుకు తిప్పుకుంటాడు?

కానుక కానిది

ఇంతవరకు చెప్పినది పేదల కానుక గొప్పతనం. ఇక రెండవ వైపు కూడా చూడాలి. మొదట చెప్పుకున్న సామెతలో సగం సత్యం ఉంది.

పిల్లల అన్నం, వృద్ధుల మందులు, బడి ఫీజు, కూలివారికి ఇవ్వవలసిన కూలి, తీర్చవలసిన అప్పు ఇవన్నీ ముందు. తల్లిదండ్రులకు పెట్టవలసినదానిని "దేవునికి అర్పితం" అని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు గట్టిగా మందలించారు (మార్కు 7:9-13). సొంత ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని విడనాడినవాడేనని పౌలుగారి లేఖ హెచ్చరిస్తుంది (1 తిమోతి 5:8). తనకూ తన బిడ్డలకూ ప్రాణాధారమైనదానిని తీసి దానం చేయడం సాధారణంగా తగదని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. కనుక వడ్డీకి తెచ్చి కానుక వేయమని శ్రీసభ ఎవరినీ అడగదు. పొరుగువారు ఎంత రాశారో చూసి, పరువు కోసం అంతకు మించి రాయడం కూడా కానుక కాదు.

ఇంకొక మాట. "ఇంత ఇవ్వండి, దేవుడు పదింతలు తిరిగి ఇస్తాడు, మీ అప్పు తీరిపోతుంది" అనే బోధలు ఈనాడు టీవీల్లో, ఫోన్లలో మన ఇళ్ళలోకి వస్తున్నాయి. కష్టంలో ఉన్నవానికి ఆ మాట తియ్యగా ఉంటుంది. కాని అది దేవునితో చీటీ పాట పాడడం. దేవుడు ఉదారంగా ఇచ్చేవాడే, అందులో సందేహం లేదు. మాసిడోనియా పేదలు మాత్రం ఇచ్చిన తరువాత ధనవంతులయ్యారని పౌలుగారు ఎక్కడా రాయలేదు. వారి ఆనందం పొంగిపొర్లిందని మాత్రం రాశారు. అదీగాక, విధవరాలి కానుకను మెచ్చుకోవడానికి సరిగ్గా ముందు ప్రభువు ఎవరిని ఖండించారో చదవండి: దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళను దిగమింగే ధర్మశాస్త్ర బోధకులను (మార్కు 12:40). పేదవాని కానుక పవిత్రం. పేదవానినుండి పిండుకోవడం పాపం.

ఇవ్వలేనివారికి

సోదరీ సోదరులారా, పంట పోయి, పని పోయి, ఈ వారం నిజంగా ఏమీ లేనివారు మీలో ఉంటే, ఈ మాట మీకోసమే. 1983 నాటి శ్రీసభ చట్టంలోని 848వ సూత్రం ప్రకారం పేదరికం కారణంగా ఎవరికీ దివ్యసంస్కారాలు అందకుండా పోకూడదు. కానుక లేకపోయినా పేదల ఉద్దేశాల కొరకు పూజ అర్పించాలని 945వ సూత్రం గురువులను గట్టిగా కోరుతుంది. కనుక బిడ్డ జ్ఞానస్నానాన్ని, తండ్రిగారి వర్ధంతి పూజను డబ్బు కోసం వాయిదా వేయకండి. మీ విచారణ గురువుల దగ్గరకు వెళ్ళి ఉన్న విషయం చెప్పండి. అది అడుక్కోవడం కాదు, మీ హక్కు.

పుచ్చుకోవడం కూడా సిగ్గు కాదు. ఒకరిని సుఖపెట్టి మరొకరిని బాధపెట్టడం తన ఉద్దేశం కాదని, సమానత్వమే తనకు కావాలని పౌలుగారు రాశారు. ఈనాటి మీ సమృద్ధి వారి లేమిని తీరుస్తుంది, రేపు వారి సమృద్ధి మీ లేమిని తీరుస్తుంది (2 కొరింతీ. 8:13-14). ఈ ఏడు ఇచ్చే చేయి వచ్చే ఏడు పుచ్చుకునే చేయి కావచ్చు. సేద్యం చేసే కుటుంబాలకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు.

1833లో పారిస్ నగరంలో ఇరవై ఏళ్ళ విద్యార్థి ఫ్రెడెరిక్ ఓజనాం, మరికొందరు మిత్రులు కలిసి మొదలుపెట్టిన సేవే ఈనాటి పునీత విన్సెంట్ డి పాల్ సభ. 1997లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ఓజనాంను ధన్యునిగా ప్రకటించారు. ఆ సభ కూటాలలో రహస్య చందా పట్టే ఆచారం ఉంది. సంచి అందరి ముందుకు వస్తుంది, అందరూ చేయి పెడతారు, ఎవరు ఎంత వేశారో, అసలు వేశారో లేదో ఎవరికీ తెలియదు. కలిగినవానికి గర్వం లేదు, లేనివానికి అవమానం లేదు. కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య నడిచే మన యువకులు కూడా ఆ మర్యాదను నేర్చుకోవాలి. వేయనివారి వైపు చూడకుండా ముందుకు సాగిపోవాలి.

పుచ్చుకునేవారి లెక్క

గురువులమైన మాకు, విచారణ పెద్దలకు కూడా ఈ పాఠంలో భాగం ఉంది. పౌలుగారు చందా సొమ్మును ఒక్కరే పట్టుకుని వెళ్ళలేదు. తీతును, సంఘాలు ఎన్నుకున్న సోదరులను వెంట ఉంచుకున్నారు. దేవుని ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడా నిందకు తావు ఉండకూడదన్నారు (2 కొరింతీ. 8:18-21). విశ్వాసులు ఇచ్చిన కానుకలకు విశ్వాసులకు లెక్క చెప్పాలని 1287వ సూత్రం, ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండాలని 537వ సూత్రం ఆదేశిస్తున్నాయి. కష్టకాలంలో వచ్చిన పది రూపాయల వెనుక ఒక పూట కూర ఉండవచ్చు. అందుకే మీరు లెక్క అడిగితే తప్పు కాదు, మేము చెప్పకపోతేనే తప్పు.

ఇంట్లో చేయదగినది

ప్రతి వారం మొదటి దినాన ఎవరి రాబడినిబట్టి వారు ఇంటిలోనే కొంత పక్కన పెట్టమని పౌలుగారు నేర్పారు (1 కొరింతీ. 16:2). ఇది పేద ఇంటికి బాగా సరిపోయే పద్ధతి. మిజోరంలోని ప్రెస్బిటేరియన్ సోదరీమణులు 1910లో ఒక ఆచారం మొదలుపెట్టారు. అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోయబోయే బియ్యం నుండి ఒక పిడికెడు తీసి దేవుని సేవకని వేరే కుండలో వేస్తారు. ఈనాటికీ అది సాగుతోంది. మన ఊళ్ళలోనూ పిడికెడు బియ్యం తీసిపెట్టే తల్లులున్నారు. ఆ పిడికెడు వల్ల ఇంట్లో ఎవరి కడుపూ మాడదు. కాని కుండలో బియ్యం వేసిన ప్రతిసారీ, మనకంటె లేనివారు ఉన్నారని పిల్లలకు గుర్తుంటుంది.

డబ్బు లేని ఇంట్లో ఇంకా చాలా ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న పొరుగువారికి ఒక రాత్రి తోడుండవచ్చు. ఫారాలు నింపడం రానివారికి నింపి పెట్టవచ్చు. కలిగినవారైతే వడ్డీ లేకుండా చేబదులు ఇవ్వవచ్చు, రావలసిన బాకీకి గడువు పెంచవచ్చు. పొలంలో పని చేసినవారి కూలిని ఆ పూటే చేతిలో పెట్టడం అన్నిటికంటె ముందు. ఆపి ఉంచిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు లేఖ అంటుంది (యాకోబు 5:4).

"శక్తి కొలది" అన్న మాటకు ఇదే అర్థం. శక్తికి మించి ఇమ్మని అది చెప్పదు. శక్తి ఉండీ చేయి ముడుచుకోవడాన్ని అది ఒప్పుకోదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

1. ఈ నెల మన రాబడిలో, ఇంటి అవసరాలు పోగా, సంతోషంగా ఇవ్వగలిగినది ఎంత? పిల్లలతో కలిసి నిర్ణయించుకోండి.

2. డబ్బు లేదన్న సిగ్గుతో పూజకు రావడం మానేసిన కుటుంబం మన వీధిలో ఉందా? వచ్చే ఆదివారం వారిని పిలుచుకుని రాగలమా?

3. మనం ఎవరికైనా కూలి, బాకీ ఆపి ఉంచామా?

మనకోసం పేదవాడైన క్రీస్తునాథుడు మీ కొద్దిపాటిని ఆశీర్వదించుగాక. దేవమాత మరియమ్మగారు ఆనాడు రెండు గువ్వలను చేతపట్టుకుని తలెత్తి దేవాలయంలో ప్రవేశించినట్లే, మీరూ మీ కుటుంబాలతో వచ్చే ఆదివారం పూజకు రండి. చేతిలో ఏమున్నా, ఏమీ లేకున్నా రండి.