పెరటి కోళ్లకు తగిన గూడు

మన పల్లెలలో ననేక కుటుంబములకు పెరటి కోళ్లు చిన్న నిధివంటివి. ఇల్లాలు గ్రుడ్లమ్మి కూడబెట్టిన సొమ్ముతోనే పిల్లల పుస్తకములు కొనబడుచున్న యిండ్లు పెక్కులు గలవు. అట్టి నిధి యొక్క రాత్రిలో నశించుటయు నరుదు కాదు. సాయంకాలమున కోళ్లను గంపక్రింద మూసి, తెల్లవారి చూచునప్పటికి ఈకలు మాత్రమే మిగిలిన యనుభవము ప్రతి గ్రామమున వినబడును. కావున కోళ్లను కొనుటకు ముందే వాని నివాసమును గూర్చి యాలోచింపవలయును.

కోళ్లకు శత్రువులు రెండు విధములు. ముంగిస, పిల్లి, కుక్క, పాము, పందికొక్కు మొదలగునవి వెలుపలనుండి వచ్చును. చెమ్మ, వేడిమి, చెడుగాలి, పిడుదులు లోపలనే పుట్టి పెరుగును. మనవారు మొదటివానికి జడిసి, సందు లేకుండ పెట్టెనో గంపనో మూసివేయుదురు. దానివలన రెండవ శత్రువులకు తావిచ్చినవారగుదురు. శత్రువునకు దారి లేక, గాలికి మాత్రము దారి యుండునట్లు కట్టినదే మంచి గూడు. తక్కిన నియమములన్నియు నీ సూత్రమునుండి పుట్టినవే.

మొదట స్థలము. వాననీరు నిలువని మెరక నెంచుకొనవలయును. గూటి పొడవు తూర్పు పడమరలుగా నుండినయెడల ఎండ నేరుగా లోపలికి చొరదు. నేలకు రెండడుగుల యెత్తున గుంజలపై నిలిపిన యెడల చెమ్మ తగులదు. క్రింద ఊడ్చుటయు సుకరము. చెట్టునీడ మేలే గాని, కప్పును దాకు కొమ్మలను కొట్టివేయవలయును. అవి పిల్లికి నిచ్చెనలగును.

పిదప కొలతలు. రాత్రి నిద్రకు కోడి యొక్కటికి రెండు చదరపుటడుగులు చాలును. పగలు పెరటిలో తిరుగనీయక దడిలోనే యుంచినచో నొక్కొకదానికి ఎనిమిది మొదలు పది చదరపుటడుగులు కావలయును. పది కోళ్లకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల గూడు సరిపోవును. కోడి యొక్కటికి దండెముపై 8 అంగుళములు వలయును గనుక పదింటికి 80 అంగుళములగును. 5 అడుగుల దండెములు రెండు వేసిన యెడల 120 అంగుళములు వచ్చును. మిగిలిన చోటు వేసవిలో నెడముగా కూర్చుండుటకు పనికివచ్చును. దండెములు రెండును సమానమైన యెత్తున నుండవలయును; ఒకటి హెచ్చైనచో దానికై ప్రతి సాయంకాలమును పోరాటము జరుగును. నాటుకోడి చెట్టెక్కి నిద్రింపగలదు గాని, హైదరాబాదునందలి పరిశోధనాలయమువారు పెరటి పెంపకమునకై వృద్ధిచేసిన వనరాజ వంటి బరువైన జాతికి ఒకటిన్నర అడుగుకు మించిన దండెము తగదు.

నాలుగైదు పెట్టలకొకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పుగల గ్రుడ్ల పెట్టెలను దండెములకంటె దిగువగా నమర్చవలయును. అవి యెత్తున నున్నచో కోళ్లు వానియందే నిద్రించి గ్రుడ్లను మలినము చేయును.

ఇక భద్రత. అంగడిలో చౌకగా దొరకు ఆరుమూలల పలుచని వల కోళ్లను లోపల నుంచునే గాని, కుక్కను వెలుపల నాపలేదు. అరయంగుళపు కన్నులుగల గట్టి యినుపవలనే వాడవలయును. పగటి దడికి వలను అడుగు లోతున నేలలో పాతినచో త్రవ్వుకొని వచ్చు జంతువులు నిలిచిపోవును. తలుపునకు గడియతోబాటు కొక్కెముకూడ నుండవలయును.

గాలి విషయము చాలమంది మరతురు. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటచేతనే అది తన వేడిని తగ్గించుకొనును. రెట్టలనుండి పుట్టు అమ్మోనియా వాయువు దాని కన్నులకును ఊపిరికిని హాని చేయును. కావున పొడవైన గోడలు రెండింటియందును పైభాగమున నొక యడుగు మేర వలనే బిగింపవలయును. చూరు రెండడుగులు ముందుకు వ్రేలినచో వానజల్లు లోపల పడదు. రేకు కప్పైనచో వేసవిలో దానిపై తాటియాకులు పరచుట మేలు.

శుచిత్వము మరువరాదు. పిడుదులు పగలు కఱ్ఱల పగుళ్లలో దాగి, రాత్రి కోళ్ల రక్తమును పీల్చును. పగుళ్లను పూడ్చి సున్నము కొట్టవలయును. నేలపై మూడంగుళముల వరిపొట్టు పరచి, తడిసినప్పుడెల్ల మార్చవలయును. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలయందు కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. అడవిపక్షుల రెట్టలు పడకుండ మేతను నీటిని కప్పుక్రిందనే పెట్టుట, కోళ్లు హఠాత్తుగా చచ్చినచో వానిని ముట్టక పశువైద్యునకు తెలుపుట మనవంతు జాగ్రత్తలు.

గూడు కట్టిన పిమ్మట రెండు పరీక్షలు చేయుడు. చీకటిపడిన తరువాత లోపల దీపముంచి వెలుపల నిలిచి చూడుడు. వల కన్నులలోనుండి గాక మరెక్కడనుండి వెలుతురు వచ్చినను ఆ సందును మూయుడు. వేకువజామున తలుపు తీసి ముఖమును లోపల నుంచుడు. మీ కన్నులు మండినచో కోళ్లు రాత్రియంతయు బాధపడినవని తెలిసికొని గాలికి మరికొంత దారి చేయుడు. సామెతల గ్రంథము 12వ అధ్యాయమున పశువులయెడ కనికరము నీతిమంతుని లక్షణముగా చెప్పబడినది. ఆ కనికరము కోళ్లయెడ చూపుటకు ఈ రెండు పరీక్షలు మంచి యారంభము.