పాత కారునకు స్టీరింగు మరమ్మతు

పడవకు చుక్కాని యెట్టిదో మోటారుకారునకు స్టీరింగు అట్టిది. ఇంజను చెడినచో కారు దారిలో నిలిచిపోవును. ప్రయాణికులకు ఆలస్యమగును గాని సాధారణముగా అంతకు మించిన కీడు కలుగదు. స్టీరింగు భాగము విరిగినచో కారు నిలువదు. తోచిన దిక్కునకు పరుగెత్తును. కావున పాత కారును నడుపగోరువాడు మొట్టమొదట పరీక్షింపవలసినది దాని స్టీరింగునే.

పాత కార్లను ప్రేమతో కాపాడుకొనువారు పలు దేశములలో కలరు. ఇంగ్లండులో అట్టివారి ఆదరమును మిక్కిలిగా పొందిన కారు మారిస్ మైనరు. అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు దీనిని రూపొందించెను. 1948వ సంవత్సరమున లండనులోని ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనమున ఇది ప్రజలకు చూపబడినది. బ్రిటనులో పదిలక్షల సంఖ్యను దాటిన మొదటి కారు ఇదియే. 1970వ దశకపు ఆరంభమున దీని నిర్మాణము ఆగిపోయినను, నేటికిని అనేకములు రోడ్లపై తిరుగుచునే యున్నవి. మన దేశముతోను దీనికి చుట్టరికము కలదు. ఒకప్పుడు ఇచ్చట ‘బేబీ హిందూస్థాన్’ అను పేర తిరిగినది ఈ మైనరే. దీనికి అన్నవంటిదైన మారిస్ ఆక్స్‌ఫర్డు నుండి పుట్టినది మనవారెల్లరు ఎరిగిన అంబాసిడరు. అది 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైనది.

మైనరు స్టీరింగు నిర్మాణము మిక్కిలి సరళము. డ్రైవరు చేతిలోని చక్రమునుండి ఒక ఉక్కు కడ్డీ క్రిందికి దిగును. దాని చివర పినియను అను చిన్న పండ్లచక్రము కలదు. దాని పండ్లు అడ్డముగా అమర్చిన మరియొక కడ్డీ పండ్లలో ఇమిడి యుండును. ఈ అడ్డకడ్డీకి రాక్ అని పేరు. పినియను తిరిగినప్పుడు రాక్ కుడికో యెడమకో జరుగును. రాక్ రెండు కొనలనుండి టైరాడ్లు అను కడ్డీలు ముందుచక్రముల వరకు పోవును. టైరాడ్డు చివర బంతికీలు కలదు. మన భుజపుటెముక తన గూటిలో తిరుగునట్లు, ఈ బంతి తన గూటిలో పలువైపులకు తిరుగును.

ఇక ముందుచక్రమును మోయునది నిలువుగా నుండు పిన్ను. మన మెకానిక్కులు ఇట్టిదానిని కింగ్ పిన్ను అందురు. మైనరులో దీని పైకొనకును క్రిందికొనకును మరలు కోయబడియుండును. ఆ మరలకు ట్రనియన్లు అను దిమ్మలు బిగింపబడియుండును. కారు మలుపు తిరిగినప్పుడెల్ల పిన్ను ఈ దిమ్మలలో మరవెంట తిరుగును. ఒక ప్రక్క పిన్నునకు కుడిమర, రెండవ ప్రక్కదానికి ఎడమమర. ఆ ప్రక్క బరువు ముఖ్యముగా క్రింది మరపైననే పడును. కావున అచ్చట గ్రీజు ఎల్లప్పుడు నిండియుండవలయును. గ్రీజు రాపిడిని తగ్గించుటయే గాక నీటిని, దుమ్మును వెలికి నెట్టును. ప్రతి ప్రక్కను పైమరకు ఒకటి, క్రిందిమరకు ఒకటి, బంతికీలునకు ఒకటి చొప్పున మూడు గ్రీజు రంధ్రములు కలవు. తొలి కార్లకు 1000 మైళ్లకు, అనగా సుమారు 1600 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు పెట్టవలయునని నియమము. ఇది కొలది నిమిషముల పని. దానిని ఏండ్ల తరబడి మానినచో మరలు అరిగి పలుచనగును. తుదకొకనాడు పిన్ను దిమ్మనుండి ఊడి, చక్రము కారు క్రిందికి ముడుచుకొనిపోవును. మెల్లగా పోవునప్పుడైనచో కారు కూలబడును. వేగముగా పోవునప్పుడైనచో ప్రాణములకే ముప్పు.

అరుగుదలను ముందుగా కనిపెట్టుటకు సులభమైన పరీక్షలు కలవు. వెనుక చక్రములు కదలకుండ అడ్డులు పెట్టి, ముందుభాగమును జాకీతో ఎత్తి, గట్టి ఆధారములపై నిలుపవలయును. జాకీనొక్కదానినే నమ్మరాదు. పిమ్మట చక్రమును పైనను క్రిందను పట్టి ఊపవలయును. చక్రము ఆడినచో దోషము బేరింగుదో పిన్నుదో తెలియవలయును. అప్పుడు వేరొకరు బ్రేకు నొక్కవలయును. బ్రేకు నొక్కగానే చక్రమును, దానిని మోయు భాగమును ఒకటిగా బిగియును. ఆట పోయినచో దోషము బేరింగులోనిది. ఇంకను మిగిలినచో పిన్నులోనిది. తరువాత చక్రమును కుడియెడమల పట్టి ఊపినచో బంతికీలు, రాక్ అను వాని ఆట తెలియును.

రాక్ అరుగుదలలో ఒక విశేషము కలదు. కారు ఎక్కువ దూరము తిన్నగనే పోవును గదా! అందుచేత రాక్ నడుమనున్న పండ్లే అధికముగా అరుగును. చివరి పండ్లు కొత్తవివలెనే యుండును. రాక్‌ను పినియను వైపునకు నొక్కిపట్టు భాగము మూతక్రింద షిమ్ములు అను పలుచని రేకులు కలవు. వానిని తగ్గించినచో ఆట తగ్గును. అయితే నడుమ ఆట పూర్తిగా పోవువరకు తగ్గించినచో మలుపులలో స్టీరింగు బిగుసుకొనును. అట్టి రాక్‌ను సవరింపజూచుట కంటె మార్చుటయే మేలు. రాక్ కొనలనున్న రబ్బరు తొడుగులు చినిగినచో నూనె కారిపోయి దుమ్ము లోనికి పోవును. చిన్న తొడుగును సకాలమున మార్చినచో పెద్ద రాక్ నిలుచును.

ఏది బాగుచేయవచ్చును, ఏది మార్చితీరవలయును అను వివేచన మెకానిక్కునకు ప్రాణము. అరిగిన పిన్నునకు కొత్త దిమ్మ తొడుగుట వ్యర్థము. రెంటిని కలిపియే మార్చవలయును. వంగిన, పగిలిన స్టీరింగు భాగమును కాల్చి సరిచేయుటగాని, వెల్డింగు చేయుటగాని కూడదు. ఆ ఉక్కునకు బలమునిచ్చినది తయారీనాటి వేడిమి సంస్కారము. మరల కాల్చినచో ఆ బలము చెడును. పైకి మాత్రము భాగము చక్కగనే కనిపించును. పిన్ను విప్పునప్పుడు టార్షన్ బారు అను మెలికకడ్డీలో దాగిన బలమును మరువరాదు. క్రింది చేతికి ఆధారమియ్యక విప్పినచో అది ఒక్కసారిగా విసురుకొనును.

టైరాడ్ బంతికీలు మార్చునప్పుడు, పాతది ఎన్ని చుట్లకు ఊడినదో లెక్కించి, కొత్తదానిని అన్ని చుట్లే బిగింపవలయును. పిమ్మట చక్రముల పొందికను కొలువవలయును. మైనరులో ముందుచక్రముల ముందంచుల నడుమ దూరము, వెనుకంచుల నడుమ దూరముకంటె 3/32 అంగుళము తక్కువగా నుండవలయును. ఈ కొలత తప్పినచో కొత్త టైర్లును త్వరగా అరిగిపోవును.

బ్రిటనులో 1960వ సంవత్సరమున పదియేండ్లు దాటిన వాహనములకు బ్రేకులు, దీపములు, స్టీరింగు పరీక్ష విధింపబడెను. 2018లో నలువదియేండ్లు దాటి, పెద్ద మార్పులకు లోనుగాని వాహనములకు ఏటేటి పరీక్ష మినహాయింపబడెను. అయినను వాహనమును సురక్షితముగా ఉంచవలసిన బాధ్యత యజమానిని వీడలేదు. పరీక్షించు అధికారి లేనప్పుడును పరీక్ష మానకుండుటయే నిజమైన బాధ్యత. పాత వస్తువుపై ప్రేమ దాని పైమెరుగును తుడుచుటలో లేదు. కంటికి కానరాని కీళ్లకు వేళకు గ్రీజు పెట్టుటలో కలదు.

ప్రశ్నలు

1. రాక్ నడుమనున్న పండ్లు ఎక్కువగా అరుగుటకు కారణమేమి?
2. చక్రపు ఆట బేరింగుదో పిన్నుదో ఎట్లు తెలియును?
3. స్టీరింగు భాగములను ఏల వెల్డింగు చేయరాదు?