సిలబస్ నుంచి కప్పు దాకా: డెర్రీ ఫెష్ తయారయ్యే తీరు

ఫెష్ పని ఫెష్ జరిగే వారంలో మొదలవదు. నెలల ముందే ఒక చిన్న పుస్తకంతో మొదలవుతుంది. సంగీతం, నాట్యం, ఐరిష్ భాష, నాటకం, ఈ నాలుగింటిలో ఒక ప్రాంతం వాళ్లు పెట్టుకునే పోటీల పండుగను ఐర్లాండ్‌లో ఫెష్ అంటారు. ఆ పుస్తకం పేరు సిలబస్. ఏ వయసువాళ్లు ఏ అంశంలో దిగవచ్చు, ఏ పద్యం చెప్పాలి, ఎన్ని నిమిషాల్లో ముగించాలి, గెలిస్తే ఏ కప్పు ఇస్తారు, అన్నీ అందులోనే ఉంటాయి. నన్నడిగితే ఫెష్‌లో ఆయువుపట్టు వేదికా కాదు, బహుమతీ కాదు, ఈ పుస్తకమే.

మన నాటక పరిషత్తు పోటీలు చూసినవాళ్లకు సగం సంగతి తెలిసినట్టే. న్యాయనిర్ణేతలు, కాలపరిమితి, తెర పడ్డాక గుసగుసలు, ఫలితాలు చదివేటప్పుడు అలిగి లేచిపోయేవాళ్లు, అన్నీ అక్కడా ఉంటాయి. కాకపోతే అక్కడ ఎక్కువమంది బడిపిల్లలు. పైగా ఈ పోటీలు పుట్టిందే చేజారిపోతున్న భాషను పట్టుకోవడానికి.

1840ల మహా కరువు, దాని వెంట వలసలు ఐరిష్ మాట్లాడే పల్లెలను ఖాళీ చేశాయి. ఆ భాషను బతికించాలని డగ్లస్ హైడ్, ఓన్ మెక్‌నీల్ తదితరులు 1893లో డబ్లిన్‌లో గేలిక్ లీగ్ పెట్టారు. వేల్స్‌లో ఐస్టెడ్‌వోడ్ అనే కవుల పోటీ అప్పటికే బలంగా సాగుతోంది. దాన్ని చూసి 1897లో లీగ్ తన జాతీయ పండుగ ఎరఖ్తస్‌ను మొదలుపెట్టింది. ఆ దారినే జిల్లాల్లో, ఊళ్లలో ఫెష్‌లు పుట్టాయి. ఆంట్రిమ్ కొండలోయల ఫెష్ 1904లో మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో రోజర్ కేస్‌మెంట్ ఒకడు. కాంగోలో రబ్బరు కోసం జరిగిన దారుణాలను బయటపెట్టిన అధికారి, 1916లో బ్రిటన్ ఉరితీసిన మనిషీ అతనే.

డెర్రీ ఫెష్ 1922లో మొదలైంది. ఆరో శతాబ్దంలో ఆ ఊళ్లో మఠం స్థాపించాడని చెప్పుకునే కొలంకిల్ అనే సన్యాసి పేరు దానికి పెట్టారు. సంవత్సరం గమనించండి. దేశం అప్పుడే రెండు ముక్కలైంది, డెర్రీ బ్రిటన్ చేతిలోని ఉత్తర భాగంలో ఉండిపోయింది. ఊళ్లో అంతకుముందే మరో ఫెష్ ఉన్నా, ఐరిష్ భాషకూ నాట్యానికీ పెద్దపీట వేసే పోటీ కావాలని కొందరు పట్టుబట్టారు. ఒకే ఊరికి రెండు ఫెష్‌లు ఎందుకని అడిగితే ఆ ఊరి చరిత్రంతా చెప్పాల్సి వస్తుంది, అది వేరే వ్యాసం.

ఇక పనిలోకి వద్దాం.

తేదీ దగ్గర పెద్ద చర్చ ఉండదు. డెర్రీ ఫెష్ ఈస్టర్ వారంలో జరుగుతుంది. బడులకు సెలవులు, టీచర్లకు తీరిక, హాళ్లు ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు. ఫాయిల్ నది ఒడ్డునున్న గిల్డ్‌హాల్ దీనికి ఎన్నో ఏళ్లుగా నెలవు. నడిపేది స్వచ్ఛందంగా పనిచేసే కమిటీ. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు అదే వేదికెక్కి వణికినవాళ్లే.

సిలబస్ రాయడంలోనే అసలు మెలకువ ఉంది. అంశాలు రెండు రకాలు. ఒకదాంట్లో పిల్లలు తమకు నచ్చింది ఎంచుకుంటారు. రెండోదాంట్లో కమిటీ ఒకే పద్యాన్నో, ఒకే పాటనో అందరికీ ఇస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే పద్యం చెబుతూ పోతుంటే వినేవాళ్లకు విసుగే. కాని తేడా తెలిసేది అక్కడే. ఎవరు మాట అర్థం చేసుకుని చెప్పారు, ఎవరు టీచరు నేర్పిన చేతి తిప్పుడును అప్పగించారు అన్నది పదోవాడి దగ్గరికి వచ్చేసరికి ప్రేక్షకుడికీ పట్టుబడుతుంది. పద్యం మరీ తేలికైతే అందరికీ ఒకే మార్కులు పడతాయి, మరీ కష్టమైతే పోటీకి ఎవరూ రారు. మంచి కమిటీని ఈ ఎంపికలోనే గుర్తుపట్టవచ్చు.

తర్వాత ఎంట్రీలు. ఇవి ఎక్కువగా టీచర్ల ద్వారా, డ్యాన్స్ స్కూళ్ల ద్వారా వస్తాయి. గడువు దాటితే తీసుకోరు, ఎందుకంటే పేర్లు తేలితే తప్ప టైమ్‌టేబుల్ వేయలేరు. ఒకే పాప పొద్దున నాట్యం, మధ్యాహ్నం ఫిడేలు, సాయంత్రం సంభాషణ పోటీలో ఉంటుంది. మూడూ ఢీకొనకుండా కాగితం మీద సర్దడం కమిటీకి పెద్ద తలనొప్పి.

న్యాయనిర్ణేతను బయటి ఊరి నుంచి పిలుస్తారు. ఊరివాళ్లయితే ఏ పాప ఎవరి శిష్యురాలో తెలిసిపోతుంది. ఆయనో ఆవిడో హాలులో ఒక బల్ల ముందు కూర్చుంటారు. బల్ల మీద కాగితాలు, నీళ్లు, చిన్న గంట. గంట మోగితే తర్వాతివాళ్లు వేదిక మీదికి రావాలి. మొదటిసారి వచ్చిన పిల్లలకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఆ గంటే.

నాట్యం దగ్గర కాస్త ఆగాలి. సోలో నాట్యమైనా కింది స్థాయుల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేదికెక్కుతారు, ఎవరి స్టెప్పులు వాళ్లవి. నడుముకో ఛాతీకో నంబరు కట్టి ఉంటుంది, న్యాయనిర్ణేతకు తెలిసేది ఆ నంబరే. పక్కన అకార్డియనో కీబోర్డో వాయించే సంగీతకారుడు ఉంటాడు. సంగీతంలో మొదటి 8 బార్లు, అంటే 8 తాళపు కొలతలు, పిల్లలు కదలకుండా నిలబడతారు. తర్వాత కుడికాలితో 8 బార్లు, మళ్లీ అవే అడుగులు ఎడమకాలితో 8 బార్లు. కుడికాలు అందంగా ఆడి ఎడమకాలు తడబడితే అక్కడే దొరికిపోతారు. నడుము పైభాగం నిటారుగా, చేతులు పక్కలకు అంటుకుని ఉండాలి, పనంతా కాళ్లదే. రీల్, స్లిప్ జిగ్ మెత్తటి బూట్లతో ఆడతారు. ట్రెబుల్ జిగ్, హార్న్‌పైప్‌లకు మునివేళ్ల కిందా మడమ కిందా గట్టి దిమ్మలున్న బూట్లు. ఆ దరువు వేదిక చెక్క మీద స్పష్టంగా వినిపించాలి. వేగం కూడా ఎవరిష్టం వాళ్లది కాదు. పై స్థాయుల్లో లయ కొలిచే మెట్రోనోమ్ మీద రీల్‌కు 113, ట్రెబుల్ జిగ్‌కు 73. కాబట్టి వాయించేవాడికీ అది పరీక్షే.

ఈ నాట్యానికి 1930 ప్రాంతం నుంచి ఒక కమిషన్ నియమాలు పెడుతోంది. దాని ప్రపంచ చాంపియన్‌షిప్ 1970లో డబ్లిన్‌లో మొదలైంది. పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతలు వేసిన మార్కులు నేరుగా కలపరు. ఒక్కొక్కరి లెక్కలో మొదటివాళ్లకు 100 పాయింట్లు, రెండోవాళ్లకు 75, మూడోవాళ్లకు 65 ఇచ్చి కూడతారు. అందుకే ఒకరి దగ్గర మొదటి స్థానం దొరికితే విలువ ఎక్కువ. ఈ పోటీ అమెరికా, ఆస్ట్రేలియాల దాకా వ్యాపించింది. దానితోపాటు ఉంగరాల విగ్గులు, మెరిసే ఖరీదైన గౌన్లు కూడా వచ్చాయి. కాళ్లు చూడాల్సిన చోట జుట్టు చూడాల్సి రావడం నాకు నచ్చదు. చిన్న వయసు పిల్లలకు మేకప్ వద్దని కమిషనే నియమం పెట్టాల్సి వచ్చిందంటే సంగతి అర్థం చేసుకోవచ్చు.

వాద్య సంగీతం గది ఇంత ఆర్భాటంగా ఉండదు. ఫిడేలు, టిన్ విజిల్, వేణువు, హార్ప్, మోచేతితో తిత్తి నొక్కుతూ వాయించే ఇలన్ పైప్స్. ఒక నెమ్మదైన రాగం, ఒక నాట్యపు బాణీ వాయించమంటారు. నెమ్మదైన దానిలోనే ఎవరెంత వారో తేలుతుంది. అన్ని ఫెష్‌లలో సంగీతం ఇలాగే ఉండదు. డబ్లిన్‌లో 1897లో మొదలైన ఫెష్ కోల్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వైపు మొగ్గింది. అక్కడ ముందెన్నడూ చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చదివి పాడే పరీక్ష ఉండేది. 1904లో టెనర్ పోటీకి వచ్చిన ఒక కుర్రాడు ఆ కాగితం చూడగానే వేదిక దిగి వెళ్లిపోయాడు. అయినా కంచు పతకం దక్కింది. ఆ కుర్రాడే తర్వాత రచయితగా పేరు తెచ్చుకున్న జేమ్స్ జాయిస్.

షాన్-నోస్ అనే పాత పద్ధతి పాటకు వాద్యం తోడుండదు, ఐరిష్‌లోనే పాడాలి. పశ్చిమాన కానమారాలో గమకాలు దట్టంగా వేస్తారు. డెర్రీ పక్కనున్న డొనెగాల్‌లో అంత వేయరు, సూటిగా పాడతారు. ఒక ప్రాంతపు బాణీకి ఇంకో ప్రాంతపు కొలబద్ద పెట్టకుండా మార్కులు వేయడం న్యాయనిర్ణేత బాధ్యత.

భాష పోటీల్లో పద్యం, కథ చెప్పడం, సంభాషణ ఉంటాయి. సంభాషణలో న్యాయనిర్ణేత పిల్లవాడిని కూర్చోబెట్టి ఇంటి గురించి, బడి గురించి, ఆటల గురించి అడుగుతాడు. ఇక్కడ బట్టీ చెల్లదు. నాకు బాగా ఇష్టమైనది అగల్లవ్ బెర్చె. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి లయబద్ధమైన పద్యాల్లో వాదించుకుంటారు. అత్తాకోడళ్లు కావచ్చు, రైతూ బ్యాంకు మేనేజరూ కావచ్చు. హాలంతా నవ్వుతుంది, నవ్వులోనే భాష నోటికి అలవాటవుతుంది.

నాటకం దగ్గర సమస్యలన్నీ గడియారానివే. పొట్టి నాటికలు, ఏకపాత్రలు, మూకాభినయం. ఒక బడి సామాను దించేలోపు ఇంకో బడి ఎక్కించాలి. బల్లలు, కుర్చీలు అందరికీ అవే. ఐరిష్‌లో నాటిక వేసే బడికి అదనపు కష్టం ఒకటుంది. పాత్రధారి మాట మరిచిపోతే సొంతంగా కల్పించుకోగలిగినంత భాష వచ్చి ఉండాలి. అలాంటి పిల్లలున్న బృందం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

చివరి ఘట్టం తీర్పు. సంగీతం, పద్యం, నాటకం గదుల్లో న్యాయనిర్ణేత లేచి అందరి ముందు మాట్లాడతాడు. ముందు పోటీకి ఇచ్చిన అంశం గురించి, తర్వాత పిల్లల గురించి, ఆఖర్న మార్కులు. తల్లిదండ్రులు అంకెల కోసం చెవులు రిక్కిస్తారు. మంచి టీచర్లు మాత్రం వ్యాఖ్యలు రాసుకుంటారు, వచ్చే ఏడాది పాఠాలు వాటి నుంచే వస్తాయి. నాట్యంలో ఈ మాటల అలవాటు తగ్గి, కాగితం మీద అంకెలే మిగులుతున్నాయి. అది నష్టమే.

కప్పులు గెలిచినవాళ్ల సొత్తు కావు. పేరు చెక్కించుకుని ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని, వచ్చే ఫెష్‌కు ముందు తోమి తిరిగివ్వాలి. 1970లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచిన గాయని డానా పెరిగింది ఈ ఊళ్లోనే, చిన్నప్పుడు ఈ ఫెష్‌లో పాడిన పిల్లే. కాని ఫెష్‌ను ఇన్నేళ్లు నడిపింది అలాంటి పేర్లు కావు. నాలుగో స్థానం వచ్చినా మళ్లీ ఏడాది వచ్చే పిల్లలు, వాళ్లను తీసుకొచ్చే టీచర్లు.

ఐర్లాండ్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు ఈస్టర్ సెలవుల్లో డెర్రీ వైపు వెళ్తే, నాట్యం హాలు ఒక గంట చూసి, ఐరిష్ పద్యాల గదిలోకి వెళ్లి కూర్చోండి. భాష రాకపోయినా పర్వాలేదు. ఒకరు చెబుతుండగా మాత్రం తలుపు తీయకండి, గంట మోగేదాకా ఆగండి.