కొత్త సంస్థలకు అరువు పుట్టేదెలా?

గుంటూరు శీతల గిడ్డంగులలో నిల్వ వున్న మిర్చికి, కొత్తగా కారంపొడి తయారీ ప్రారంభించిన స్టార్టప్‌లు క్వింటాలుకు వంద రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా వర్తకులు ఒక్కొక్కసారి మొగ్గు చూపరు. అదే సరుకు పాత ఖాతాదారుకు తక్కువ ధరకే కాటా అవుతుంది. దీనిని పక్షపాతమనుకోరాదు, ఇది వడ్డీ లెక్క.

ఉదాహరణకు క్వింటాలు రూ.15,000 చొప్పున 50 క్వింటాళ్ళ విలువ రూ.7,50,000. వంద అదనంగా వస్తే వర్తకునికి మిగిలేది రూ.5,000. పైకం గడువు దాటి ఒక నెల ఆగితే, నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున పోయేది రూ.11,250. వసూలుకు మనిషిని తిప్పే ఖర్చు దీనికి అదనం.

చట్టపరంగా కూడ వర్తకునికి పెద్ద అండ లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజులలోపు పైకం చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. కాని కొని అమ్మే వర్తకులకు 2021లో ఇచ్చిన ఉద్యమ్ నమోదు ప్రాధాన్యతా రంగ రుణాలకే పరిమితం. కనుక వర్తకుడు కొనుగోలుదారు మాటనే తూచి చూస్తాడు.

మొదటి రెండు లాట్లు రొక్కానికి కొని, మూడవదానికి కొద్దిపాటి అరువు అడగడం మేలు. పైకం ఆలస్యమయ్యేటట్లుంటే గడువుకు ముందే కబురు చేయాలి. గడువు దాటాక చెప్పే కారణం ఎంత నిజమైనా సాకుగానే వినపడుతుంది. తేమ, రంగు, అఫ్లాటాక్సిన్ పరీక్షలు మచ్చు దశలోనే ముగించుకోవాలి. లారీ దిగిన తరువాత తరుగు అడిగేవారిపై వర్తకులకు సదభిప్రాయం వుండదు.

అసలు పరీక్ష మార్కెట్టు పడినప్పుడు వస్తుంది. బేరం కుదిరిన మరునాడు ధర అయిదారు వందలు తగ్గితే, ఒప్పుకున్న ధరకే టిక్కీలు ఎత్తుకున్న సంస్థ పేరు యార్డంతా తెలుస్తుంది. ఎత్తుకోని సంస్థ పేరు ఇంకా త్వరగా తెలుస్తుంది! తేజ రకానికి కొరత ఏర్పడినప్పుడు ముందు ఫోను ఎవరికి వెళ్ళేదీ అక్కడే నిర్ణయమవుతుంది. నెలకు పది టిక్కీలే అయినా, ఫలానా వారంలో తప్పక ఎత్తుతామని ముందే చెప్పేవారికి పరిమాణం తక్కువన్న లోపం కొంత పూడుతుంది.

ప్యాకింగ్ కవర్ల విషయం వేరు. వాటి తయారీదారు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదైతే 45 రోజుల గడువు వర్తిస్తుంది. ఆ గడువు దాటి, సంవత్సరాంతానికి కూడ చెల్లించని మొత్తాన్ని ఆ సంవత్సరపు ఖర్చుగా ఆదాయపు పన్నులో అంగీకరించరు. 2023లో తెచ్చిన ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఇక రంగుకొక అచ్చు సిలిండరు చేయించాలి గనుక చిన్న ఆర్డర్లు ముద్రాపకునికి గిట్టవు. నాలుగు సైజులకు బదులు రెండింటితో ఆరంభించే సంస్థతో అతడు బేరానికి కూర్చుంటాడు.