బొలెరోలో పిట్ట కూత

ప్రశ్న: మాది 2009 బొలెరో. కొంతకాలంగా పిట్ట కూసినట్టు కిచ్ కిచ్ మంటోంది. కడపలో ఫ్యాన్ బెల్టు కొత్తది వేయించినా పోలేదు. ఎక్కడ చూడాలి?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: ఆ కూత ఇంజనుతో వస్తోందా, చక్రాలతో వస్తోందా? బెల్టుకు డబ్బు పెట్టే ముందే ఇది తేల్చాల్సింది. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఆక్సిలరేటర్ తొక్కండి. కూత జోరందుకుంటే బెల్టు వైపే చూడాలి. సీసాతో దూరం నుంచి బెల్టు లోపలి గాడుల మీద కాసిన్ని నీళ్లు చిమ్మండి; చేతులు, తువ్వాలు దగ్గరికి పోనీయొద్దు. కూత కాసేపాగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేనట్టు. ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులు. ఏ మార్పూ లేకపోతే బేరింగులు చూపించండి. బెల్టుకు సబ్బు రుద్దే వైద్యం మాత్రం వద్దు.

నిలబడినప్పుడు గమ్మునుండి, కదిలాకే కూస్తోందా? నా అనుమానం అటే. మీది వెనక చక్రాలు లాగే బండి; ఇంజను బలాన్ని వాటికి చేర్చేది బండి కింది ప్రొపెల్లర్ షాఫ్ట్. మీ వైపు నాపరాళ్ల దుమ్ము, సిమెంటు దుమ్ము ఆ షాఫ్ట్ కీలు దగ్గరి క్రాస్ సీళ్లలోకి దూరుతుంది. గ్రీజు ఎండిన క్రాస్ సూది బేరింగులు నెమ్మదిగా పోయేటప్పుడు అచ్చం ఇలాగే కూస్తాయి. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి బండి కింద చూడండి. క్రాస్ క్యాపుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా, షాఫ్ట్ చేతికి లొడలొడలాడినా క్రాస్ మార్చాల్సిందే. అంతవరకు గువ్వలచెరువు ఘాట్ ఎక్కకండి.