ఎత్తు చెప్పే రాయి కనబడితే ఏం రాయాలి?

మీరు ఎప్పుడైనా రైలెక్కడానికి స్టేషనుకు వెళ్లే ఉంటారు. అక్కడ పసుపు పచ్చ బోర్డు మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. పేరు మనం చదివేస్తాం. ఈసారి వెళ్లినప్పుడు పేరు కిందికి కూడా చూడండి. చిన్న అక్షరాలతో మరో సంగతి రాసి ఉంటుంది. ఈ ఊరు సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తులో ఉందని దాని అర్థం.

సముద్రం ఎక్కడ? మన ఊరు ఎక్కడ? ఈ ఎత్తు ఎలా కొలిచారు?

మేస్త్రి ఇల్లు కట్టేటప్పుడు మీరు చూసే ఉంటారు. సన్నటి పైపులో నీళ్లు పోసి ఈ మూలకీ ఆ మూలకీ మట్టం సరిచూస్తాడు. సర్వే వాళ్లు చేసేదీ అలాంటి పనే. వాళ్ల దగ్గర దుర్భిణి ఉన్న యంత్రం ఒకటి ఉంటుంది. అంకెలు వేసిన పొడవాటి కర్ర ఒకటి ఉంటుంది. సముద్రం ఒడ్డున మొదలుపెట్టి అంచెలంచెలుగా కొలుచుకుంటూ లోపలికి వస్తారు. మన దేశంలో ఈ పని 1858లో మొదలైంది. సముద్రం రోజూ పొంగుతుంది, రోజూ తగ్గుతుంది. అందుకని 9 రేవుల్లో ఏళ్ల తరబడి ఆటుపోటులు కొలిచారు. అందులో మన విశాఖపట్నం ఒకటి, మద్రాసు ఒకటి. ఆ కొలతల సగటును సున్నా అనుకున్నారు. 1909 నాటికి ఆ లెక్క తేలింది.

కొలుచుకుంటూ వచ్చిన దారిలో వాళ్లు గుర్తులు పెట్టారు. వంతెన గోడ, గుడి మెట్టు, కచేరీ అరుగు, పెద్ద బండరాయి - ఇలా కదలని చోటు చూసి చెక్కారు. ఈ గుర్తునే బెంచ్ మార్కు అంటారు. కొన్నిటి మీద జి.టి.ఎస్. అనీ, బి.ఎం. అనీ ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి సర్వే ఆఫ్ ఇండియా వాళ్లవి. కాలువల మీదా, తూముల మీదా నీటిపారుదల శాఖ వాళ్లు పెట్టుకున్న గుర్తులు వేరే ఉంటాయి.

చాలా రాళ్ల మీద ఎత్తు ఎంతో రాసి ఉండదు. ఆ అంకె కచేరీలో రిజిస్టరులో ఉంటుంది. రాయి ఇక్కడ, లెక్క అక్కడ. రెంటిలో ఏది పోయినా రెండోది ఉత్తదే.

అంత అవసరమా దీంతో అనిపిస్తుంది. భద్రాచలం సంగతి చూడండి. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండోది. 53 అడుగులకు మూడోది. ఆ అంకె విని జనం మూటాముల్లె సర్దుకుంటారు. 1986లో వరద 75.6 అడుగుల దాకా వచ్చింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. మధ్యలో 36 ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో ఏటి ఒడ్డున కొలబద్ద అరిగిపోవచ్చు. ఒరిగిపోవచ్చు. కొత్తది పాతొచ్చు. అయినా అప్పటి అడుగూ ఇప్పటి అడుగూ ఒకటే కావాలి. అంటే కొలబద్ద మీద సున్నా కదలకూడదు. కదిలిందో లేదో ఎలా తెలుస్తుంది? దగ్గర్లో ఉన్న కదలని గుర్తుతో సరిచూస్తేనే తెలుస్తుంది.

తూము దగ్గర రాయి

ఒక ఊళ్లో ఇలా జరిగిందనుకోండి.

వేసవి. చెరువు ఎండిపోయింది. పాత తూము బాగుచేస్తున్నారు. ఊళ్లో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ అక్కడ రాళ్లు మోస్తోంది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. తూము గోడలో ఒక రాయి ఆమె కంట పడింది. దాని మీద అడ్డంగా ఒక గీత ఉంది. గీత కింద బాణం గుర్తు. పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు.

"మేస్త్రీ, ఈ రాయి మీద ఏదో చెక్కి ఉంది. దీన్ని తియ్యొద్దు" అంది పెద్దక్క.

"పాతకాలం రాయి పెద్దక్కా. ఊడదీసి పక్కన పెడదాం. గోడ కట్టేటప్పుడు మళ్లీ పెట్టేస్తాలే."

"మళ్లీ పెడితే సరిగ్గా అదే ఎత్తులో కూర్చుంటుందా?"

మేస్త్రి ఒక్క క్షణం ఆగాడు. "జానెడు అటూ ఇటూ కావొచ్చు" అన్నాడు.

జానెడే కదా అనుకుంటాం. జానెడంటే ముప్పావు అడుగు. రాయి జానెడు పైకి పోయిందనుకోండి. రిజిస్టరులో మాత్రం పాత అంకే ఉంటుంది. రేపు ఇంజనీరు గారు ఆ రాయిని నమ్మి అలుగు కట్టిస్తారు. అలుగు కూడా జానెడు లేస్తుంది. చెరువు పైన నేల 500 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతోందనుకుందాం. అప్పుడు నీళ్లు ఇంకో 375 అడుగులు పైకి పాకుతాయి. అక్కడి చేలు మునుగుతాయి. రాయి జానెడు కిందికి దిగితే అలుగూ దిగుతుంది. చెరువులో నీళ్లు తగ్గుతాయి. ఆయకట్టు చివర ఉన్నవాళ్లకు ఆఖరి తడి అందదు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. పై రైతులూ కింది రైతులూ మాత్రం కొట్టుకు చస్తారు.

మేస్త్రి ఆ గోడ జోలికి పోలేదు. పని రెండో వైపు నుంచి మొదలుపెట్టాడు.

సాయంత్రం అందరూ రచ్చబండ దగ్గర కూర్చున్నారు. ఈ సంగతి కచేరీకి రాసి పంపుదామన్నారు. ఒక కుర్రాడు కాగితం తీశాడు.

"రాయి అంచు పగిలి ఉంది కదా. ఎవరో పగలగొట్టారని రాస్తాను."

"పగలగొడుతుంటే నువ్వు చూశావా నాయనా?"

"చూళ్లేదు పెద్దక్కా."

"అయితే అంచు పగిలి ఉందని రాయి. అదే కదా మనం చూసింది."

పక్కనే ఉన్న తాత ఒకాయన, అలుగు దగ్గర కూడా ఇలాంటి గుర్తు ఉండేదని చెప్పాడు. చిన్నప్పుడు చూశాడట. మర్నాడు పొద్దున్నే నలుగురూ వెళ్లి గంటసేపు వెతికారు. కనబడలేదు. కుర్రాడు కాగితం మీద "అలుగు దగ్గర రాయి పోయింది" అని రాశాడు.

"పోయిందని ఎట్లా చెప్తావు? అక్కడ నడుము లోతు పూడిక ఉంది. మనకి కనబళ్లేదు. అంతే" అంది పెద్దక్క.

కనబడలేదు, పోయింది - ఈ రెండూ ఒకటి కాదు. చిన్న తేడా లాగే ఉంటుంది. కచేరీలో మాత్రం చాలా పెద్ద తేడా. కనబడలేదని రాస్తే ఇంకొకరు వచ్చి వెతుకుతారు. పూడిక తీస్తే ఆ రాయి చెక్కు చెదరకుండా బయటపడొచ్చు. పోయిందని రాస్తే రిజిస్టరులో ఆ గుర్తు కొట్టేస్తారు. మళ్లీ ఎవరూ వెతకరు. రాయి మట్టి కింద బతికే ఉంటుంది, కాగితం మీద చచ్చిపోతుంది. రాయి ముక్కలు చేత్తో పట్టుకుంటేనో, ఆ గోడ కూలగొడుతుండగా కళ్లారా చూస్తేనో తప్ప పోయింది అనే మాట రాయకూడదు.

తాత చెప్పిందీ వదిలెయ్యకూడదు. తాత చెప్పాడనే రాయాలి. మనం చూసినట్టు రాయకూడదు.

చూడటానికి వెళ్లేటప్పుడు

ఊళ్లో రాళ్లు చాలా రకాలు. బొడ్రాయి సర్వే రాయి కాదు. కిలోమీటరు రాయి కాదు. బొమ్మ చెక్కిన వీరగల్లు అసలే కాదు. ఒకే వంతెన మీద వేరు వేరు శాఖల వాళ్ల గుర్తులు రెండు మూడు ఉండొచ్చు. అందుకని చెక్కిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు దించుకోవాలి. ఇంగ్లీషు రాకపోతే బొమ్మ గీసినట్టు గీయండి, తప్పులేదు. అరిగిపోయిన అక్షరం దగ్గర ఊహించి పూరించకండి. ఖాళీ వదలండి. (కొన్ని రాళ్లకు జనం పసుపు కుంకుమ పెట్టి పూజిస్తారు. నన్నడిగితే ఊరి మొత్తంలో భద్రంగా ఉండే సర్వే రాయి అదే. దాన్ని గోకి చూడొద్దు. చుట్టుపక్కల వాళ్లని అడిగి తెలుసుకోండి.)

రాయి ఒకరి చేలో ఉంటే ఆ రైతును అడిగి వెళ్లాలి. గునపంతో తవ్వొద్దు. రంగు వెయ్యొద్దు. ఒరిగిపోయి ఉంటే నిలబెట్టొద్దు. నిలబెట్టడం మంచి పనే అనిపిస్తుంది. కానీ ఒరిగిన రాయిని చూసి సర్వేయరు జాగ్రత్త పడతాడు. మనం నిలబెట్టిన రాయిని నమ్మి మోసపోతాడు.

రాయి ఉన్న చోటును వేరే మనిషి వచ్చి కనుక్కునేలా చెప్పాలి. వేపచెట్టు పక్కన అంటే చాలదు. చెట్టు రేపు ఉండకపోవచ్చు. గుడి మూల, వంతెన చివర, బడి గోడ - ఇలాంటివి మూడు చూసుకుని ఒక్కోదాని నుంచి ఎంత దూరమో టేపుతో కొలవండి. టేపు లేక అడుగులు వేస్తే అడుగులేసి కొలిచామని రాయండి. సెల్ ఫోనుతో రెండు ఫొటోలు తీయిస్తే ఇంకా మేలు. ఒకటి అక్షరాలు కనబడేలా దగ్గర్నుంచి, ఒకటి చుట్టూ ఏముందో తెలిసేలా దూరం నుంచి. ఫోను చూపించే ఎత్తు మాత్రం రాయకండి. అందులో మీటర్ల కొద్దీ తేడా రావొచ్చు.

పొలం హద్దు రాళ్లకూ ఇదే పద్ధతి. కోస్తా, రాయలసీమల్లో 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఉంది. దాని ప్రకారం తన భూమిలోని సర్వే రాళ్లను కాపాడుకునే బాధ్యత పట్టాదారుదే. ప్రభుత్వం నాటిన హద్దు గుర్తును పాడుచేసినా, జరిపినా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నేరం అంత పెద్దది కాబట్టే చూడకుండా ఎవరి మీదా రాయకూడదు. పక్క చేను వాళ్ల మీద కోపం ఉంటే దాన్ని ఈ కాగితంలోకి తేవద్దు.

చెరువు, కాలువ గుర్తులైతే నీటిపారుదల శాఖ ఏఈ గారికి రాయాలి. హద్దు రాళ్లైతే తహశీల్దారు గారికి. జి.టి.ఎస్. అని ఉంటే సర్వే ఆఫ్ ఇండియాకి. దాని ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది, హైదరాబాదు ఉప్పల్‌లోనూ కార్యాలయం ఉంది. ఎవరికి రాయాలో తేలకపోతే తహశీల్దారు గారికే ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రసీదు అడగడం అమర్యాద కాదు.

పెద్దక్క వాళ్లు రాసిన దరఖాస్తు ఇది. చదవండి. ఖాళీల్లో మీ ఊరి వివరాలు పెట్టి ఒకసారి రాసి చూడండి.

తేదీ: ............

నీటిపారుదల శాఖ ఏఈ గారికి,

అయ్యా,

మాది ............ మండలం ............ గ్రామం. మా ఊరి చెరువు పాత తూము ఎడమ గోడలో ఒక చెక్కిన రాయి చూశాము. చూసిన తేదీ ............. రాయి మీద అడ్డగీత, దాని కింద బాణం, పక్కన రెండు అక్షరాలు ఉన్నాయి. వాటిని వెనక వైపు గీశాము. రాయి కుడి అంచు పగిలి ఉంది. ఎప్పుడు పగిలిందో మాకు తెలియదు. మేము రాయిని కదపలేదు. తూము పని జరుగుతున్నది. ఈ గోడ తీయకముందే తమరు వచ్చి చూడవలసిందిగా కోరుతున్నాము.

అలుగు దగ్గర ఇంకో గుర్తు ఉండేదని మా ఊరి పెద్ద ఒకరు చెప్పారు. నలుగురం గంటసేపు వెతికాము. మాకు కనబడలేదు. అక్కడ నడుము లోతు పూడిక ఉంది.

రాయి ఉన్న చోటు: గుడి తూర్పు మూల నుంచి ...... మీటర్లు, అలుగు చివర నుంచి ...... మీటర్లు, బడి గోడ నుంచి ...... మీటర్లు. టేపుతో కొలిచాము.

ఈ దరఖాస్తు అందినట్టు రసీదు ఇప్పించగలరు.

ఇట్లు,
............
............