మిల్లింగు ప్రోగ్రాములో ఫిక్స్చరు స్థానము

కంప్యూటరు తెరపై భాగపు నమూనాను నిలిపి, కట్టరు నడువవలసిన మార్గమును గీచినంతనే మిల్లింగు ప్రోగ్రాము ముగిసినదని విద్యార్థులు పెక్కురు తలంతురు. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రదర్శించిన మిల్లింగు యంత్రము రంధ్రముల టేపుతో నడచినది. చెప్పిన చోటికి పోవుటయే దాని పని. దారిలో ఏమున్నదో అది ఎరుగదు. నేటి యంత్రములలో పెక్కింటి స్థితియు అదియే.

నేను పని నేర్చుకొను దినములలో ఒక అల్యూమినియము పలకలో రెండు గుంటలు త్రవ్వవలసి వచ్చినది. నడుమ బిగించిన క్లాంపు పలక పైతలమునకు 18 మిల్లీమీటర్ల ఎత్తున నిలిచియున్నది. గుంట నుండి గుంటకు దాటునపుడు కట్టరు లేవవలసిన ఎత్తును 5 మిల్లీమీటర్లని వ్రాసితిని. మొదటి గుంట చక్కగా వచ్చినది. రెండవదానికి జి0 వేగముతో పోవుచు కట్టరు క్లాంపును ఢీకొని విరిగినది. తెరపై తప్పేమియు కనబడలేదు. ఏలయన తెరపై క్లాంపే లేదు!

కావున క్యామ్ సాఫ్టువేరులో సెటప్ ఏర్పరచునపుడు భాగముతోపాటు ముడి దిమ్మెను, ఫిక్స్చరును గూడ నమూనాలుగా చేర్చవలెను. వైసు దవడలు, బోల్టు తలలు, కట్టరును పట్టుకొను హోల్డరు వీని కొలతలు నిజమైనవి కానిచో సిమ్యులేషను అభయమిచ్చినను నమ్మరాదు. జి54 సున్నా స్థానము తెరపై ఏ మూలనున్నదో యంత్రముపై ఆ మూలనే తాకి కొలువవలెను. భాగమును తిరగవేసి రెండవ ప్రక్కను కోయునపుడు సున్నాను రంపపు కోత అంచున గాక, మొదటి సెటప్‌లో కోసిన తలముపై ఉంచుట మేలు. నేను చూచినంతలో ముక్కలు ఎక్కువగా పాడగునది ఇక్కడనే. ప్రోగ్రాము వ్రాయువాడొకడు, బోల్టు బిగించువాడు వేరొకడు గనుక క్లాంపుల స్థానమును సెటప్ కాగితముపై గీచి అతని చేతికీయవలెను.